అలసంద వడలు: పిండికి నీళ్లు చూపించకుండా

అలసంద వడ నూనెలో వేయగానే విచ్చిపోయిందంటే ఆ తప్పు పొయ్యి దగ్గర జరిగింది కాదు. నానబెట్టినప్పుడో, వడగట్టినప్పుడో, మిక్సీ తిరగడం లేదని చెంచాడు నీళ్లు చిలకరించినప్పుడో జరిగి ఉంటుంది. మా అవ్వ రోలు ముందు కూర్చుంటే దగ్గర్లో నీళ్ల చెంబు ఉండనిచ్చేది కాదు. "పిండికి నీళ్లు సూపించాకు" అనేది. చేయి తడుపుకోవడానికి చిన్న గిన్నెలో నాలుగు చుక్కలు, అంతే. చిన్నప్పుడు అదంతా చాదస్తం అనుకునేదాన్ని. పెళ్లయ్యాక మొదటిసారి సొంతంగా చేసిన రోజున గింజల్ని రాత్రంతా నానేశాను, నీళ్లు పోసి మెత్తగా రుబ్బాను. జావ అయింది. అందులో శనగపిండి కలిపాను, చాలక బియ్యప్పిండి కలిపాను, ఆఖరికి పేరు లేని పకోడీలేవో తిన్నాం. అప్పట్నుంచి ఈ వంటను నీళ్ల లెక్కగానే చూస్తున్నాను.

ముందు గింజల సంగతి

అలసందలన్నా బొబ్బర్లన్నా ఒకటే. సీమలో, తెలంగాణలో అలసందలంటారు, కోస్తాలో బొబ్బర్లంటారు, చిత్తూరు వైపు కారామణులన్న మాట కూడా వినిపిస్తుంది. తెల్లటి గింజ మీద నల్ల కన్నున్న రకం, ఎర్ర రకం రెండూ వడలకు పనికొస్తాయి. మొదటిసారి చేసేవాళ్లు తెల్లవే తీసుకోండి. వేగుతున్న వడ రంగు మారడం కంటికి తెలుస్తుంది. ఎర్రవైతే పిండే ముదురుగా ఉంటుంది కనుక వేగిందో మాడిందో పోల్చుకోవడానికి కాస్త అలవాటు కావాలి.

ఈ గింజలకు పుచ్చు చాలా తొందరగా పడుతుంది. గింజ మీద గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి బెజ్జం కనిపిస్తే లోపల పురుగు తినేసిందన్నమాట. కడిగేటప్పుడు నీళ్లపైకి తేలినవన్నీ తీసేయండి. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న గింజలతో ఇంకో చిక్కు. ఎంత నానబెట్టినా వాటిలో కొన్ని రాళ్లలాగే ఉండిపోతాయి. అవి వడలో పడితే పన్ను జాగ్రత్త.

నలుగురికి సరిపడా, ఇరవై వడల పైచిలుకు రావడానికి కావలసినవి:

అలసందలు – 250 గ్రాములు
ఉల్లిపాయలు – మధ్యరకంవి రెండు
పచ్చిమిరపకాయలు – ఆరు నుంచి ఎనిమిది, కారాన్ని బట్టి
అల్లం – రెండంగుళాల ముక్క
వెల్లుల్లి – ఆరు రెబ్బలు (ఇష్టం లేకపోతే మానేయొచ్చు)
జీలకర్ర – ఒక చెంచా
కరివేపాకు – రెండు రెమ్మలు
కొత్తిమీర – చిన్న కట్ట
ఉప్పు – చెంచాన్నర దాకా
వేయించడానికి పల్లీనూనె – మూకుడు సైజును బట్టి అర లీటరు నుంచి ముప్పావు లీటరు

వంటసోడా ఈ జాబితాలో లేదు, మర్చిపోయి కాదు. సోడా వేస్తే వడ గుల్లబారుతుంది. గుల్లబారిన చోటల్లా నూనె చేరుతుంది, రంగు కూడా త్వరగా నల్లబడుతుంది.

నానబెట్టడం

గింజల్ని రెండు మూడుసార్లు కడిగి, మునిగిన పైన నాలుగు వేళ్లు నిలిచేంత నీళ్లు పోయండి. ఎండాకాలం నాలుగు గంటలు, మిగతా రోజుల్లో ఐదారు గంటలు చాలు. రాత్రంతా నానబెట్టాలని ఎక్కడో విని అలాగే చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. గింజ ఎంత ఎక్కువసేపు నానితే అంత నీరు పీలుస్తుంది, ఆ నీరంతా రుబ్బేటప్పుడు పిండిలోకి దిగుతుంది. పైగా వేసవి రాత్రి బయట ఉంచితే నీళ్లపై నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది. రాత్రి నానేయక తప్పదంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

నానిందో లేదో గడియారం కంటే గోరు బాగా చెబుతుంది. ఒక గింజను గిల్లితే రెండు బద్దలుగా విడిపోవాలి. బద్దను విరిచి చూస్తే మధ్యలో పొడిగా తెల్లటి గీత ఉండకూడదు. నోట్లో వేసుకుంటే పచ్చిగా కరకరలాడాలి. మెత్తగా నలిగిపోయిందంటే మరీ ఎక్కువ నానినట్టు. పావుకిలో గింజలు సరిగ్గా నానితే ఇంచుమించు అరకిలో బరువు తూగుతాయి.

తొందరలో ఉన్నవాళ్లకు కుక్కర్‌లో ఒక విజిల్ రానిద్దామా అనిపిస్తుంది. అది మాత్రం వద్దు. ఉడికిన గింజలోని పిండిపదార్థం ముందే నీరు తాగి ఉబ్బిపోయి ఉంటుంది. నూనెలో పడ్డాక ఉబ్బి ముద్దను పట్టి ఉంచే పని అది ఇక చేయలేదు. పచ్చి పప్పుతోనైతే ఆ ఉబ్బడం నూనె వేడిలో జరుగుతుంది, పలుకుల్ని ఒకదానికొకటి అంటించేది అదే. ఉడికించిన పప్పుతో చేయాలంటే అది కట్‌లెట్ అవుతుంది, దాని పద్ధతి వేరు.

ఇదే చేత్తో ఒక హెచ్చరిక. అలసందలు లేవని రాజ్మాను ఇలా పచ్చిగా రుబ్బి వేయించకండి. రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఎక్కువ. బాగా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లే దాకా మరిగించి ఉడికిస్తేనే అది పోతుంది. వడ లోపలి భాగం నూనెలో ఉండే ఐదు నిమిషాల్లో ఆ పని జరగదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మార్పు కావాలంటే పచ్చిశనగపప్పునో పెసలనో సగానికి సగం కలుపుకోవచ్చు.

నానిన నీళ్లు పారబోయండి. కడుపుబ్బరం తెచ్చే చక్కెరల్లో కొంత భాగం ఆ నీళ్లలోకి దిగి ఉంటుంది.

పొట్టు తీయాలా వద్దా

దీని మీద ఇళ్లలో వాదనలు నడుస్తాయి. పాతకాలంలో తిరగలిలో ఒక తిప్పు తిప్పి గింజల్ని బద్దలు చేసుకుని, ఆ బద్దల్ని నానేసేవాళ్లు. కడుగుతుంటే పొట్టు దానంతటదే పైకి తేలేది, వంచేసేవాళ్లు. తిరగలి లేకపోతే ఎండు గింజల్ని మిక్సీలో రెండు మూడు క్షణాలు మాత్రం తిప్పి ఆపితే అదే పని అవుతుంది. బద్దలైతే రెండు గంటల్లో నానిపోతాయి కూడా.

గింజల్ని గింజలుగానే నానబెడితే అరచేతుల మధ్య నలుపుతూ నీళ్లు పోస్తూ వంచేయాలి. మొత్తం పొట్టు పోవాలని కూర్చుంటే అరగంట పడుతుంది, నేనంత ఓపిక పట్టను. నాలుగైదుసార్లు నలిపి, తేలిన పొట్టు తీసేసి, మిగిలింది ఉండనిస్తాను. సగం పొట్టు పోతే వడ లోపల బరువుగా ఉండదు, మిగతా సగం పైన కరకరకి పనికొస్తుంది. అసలేమీ తీయకుండా రుబ్బినా వడలు వస్తాయి, కాకపోతే కాస్త గట్టిగా, ముతకగా ఉంటాయి.

పూర్తిగా పొట్టు తీస్తే ఏమవుతుందో చూడాలంటే సముద్రం దాటాలి. ఇవే గింజల్ని నైజీరియాలో పొట్టంతా తీసేసి, మెత్తగా రుబ్బి, గాలి చొరబడేలా గిలకొట్టి నూనెలో వేస్తారు, పేరు అకరా. అక్కణ్నుంచి బానిసలుగా తీసుకెళ్లిన మనుషులతో పాటు ఆ వంట బ్రెజిల్ చేరి అకరజే అయింది. అక్కడి బహియా రాష్ట్రంలో ఎర్రటి పామాయిల్‌లో వేయించి, మధ్యకు చీల్చి, రొయ్యలు కూరి ఇస్తారు. వాళ్లది మన మినపగారెలా లోపల దూదిలా ఉంటుంది. మనది పలుకు తగిలే వడ. దేన్ని కోరుకుంటున్నారో ముందే నిర్ణయించుకుంటే ఎంత పొట్టు తీయాలో, ఎంత రుబ్బాలో తేలిపోతుంది.

అందరూ దాటేసే మెట్టు

కడిగిన పప్పును చిల్లుల గిన్నెలో పోసి అరగంట కదపకుండా వదిలేయండి. తర్వాత పొడి నూలుగుడ్డ మీద పరిచి ఇంకో పది నిమిషాలు ఆరనివ్వండి. గింజను పట్టుకుంటే చల్లగా తగలాలి, వేలికి తడి అంటకూడదు. వడ రాకపోవడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది ఈ నలభై నిమిషాలు లేకపోవడమే. ఈలోగా కొత్తిమీర, కరివేపాకు కడిగి అదే గుడ్డ మీద ఆరబెట్టుకోవచ్చు. ఆకుకు అంటుకున్న తడి కూడా పిండిలోకే పోతుంది మరి.

రుబ్బడం

ఆరిన పప్పులోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టండి. అది రుబ్బేది కాదు, చివర్లో అలాగే కలిపేది.

ముందు పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర మిక్సీ జార్‌లో వేసి నీళ్లు లేకుండా కచ్చాపచ్చాగా తిప్పి తీసేయండి. తర్వాత పప్పును మూడు వాయిలుగా వేసుకోండి. జార్‌లో మూడో వంతుకు మించి వేస్తే పైన గింజ గింజగానే ఉంటుంది, అడుగున బ్లేడు చుట్టూ మాత్రం పేస్టు అయిపోతుంది. అప్పుడే "తిరగడం లేదు, కాసిని నీళ్లు పోద్దాం" అనిపిస్తుంది. పోయకండి. రెండు క్షణాలు తిప్పి ఆపండి, మూత తీసి గరిటెతో అంచుల్లోది మధ్యకు నెట్టండి, మళ్లీ తిప్పండి. ఒక్కో వాయికి ఇలా ఏడెనిమిది సార్లు పడుతుంది. చిరాకు పుట్టే పనే, కాదనను. ఆపి ఆపి తిప్పడంలో ఇంకో లాభం కూడా ఉంది, జార్ వేడెక్కదు.

మూడు వాయిల్నీ ఒకేలా రుబ్బనక్కర్లేదు. నేను ఒక వాయిని కాస్త మెత్తగా, మిగతా రెండింటిని బరకగా తీస్తాను. మెత్తటిది జిగురులా పట్టి ఉంచుతుంది, బరకది కరకరలాడుతుంది. మినపపిండికి రుబ్బేకొద్దీ నురగ, జిగురు పుట్టి గాలిని పట్టుకునే గుణం ఉంది, అందుకే అక్కడ మెత్తగా రుబ్బితేనే గారె. అలసందకు పొట్టుతో ఉన్నప్పుడు ఆ గుణం తక్కువ, కనుక మినపగారె అలవాటుతో దీన్ని మెత్తగా నలిపేస్తే లోపల సుద్దలా ముద్దగట్టి ఉంటుంది. వెట్ గ్రైండర్‌లో వేసేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఇంట్లో రోలుంటే మాత్రం ఇవాళ దాన్ని కడిగి వాడండి. పొత్రం కింద పప్పు కొంత చితికి, కొంత విరిగి, కొంత అలాగే మిగిలి, మనం మిక్సీతో పడ్డ తిప్పలన్నీ అది ఒక్క దెబ్బకు చేసేస్తుంది.

రుబ్బిన పిండిని గుప్పిట్లో పెట్టి నొక్కండి. ఉండ కట్టి నిలవాలి, వేళ్ల సందుల్లోంచి తడి జారకూడదు.

కలపడం, ఉప్పు వేళ

పిండిలో ముందు తిప్పి పెట్టిన పచ్చిమిర్చి అల్లం ముద్ద, పక్కన పెట్టిన గుప్పెడు పప్పు, తుంచిన కరివేపాకు, కొత్తిమీర వేసి కలపండి. ఉల్లిపాయలు సన్నగా తరిగి సిద్ధంగా ఉంచుకోండి, కానీ ఇప్పుడే వేయొద్దు. ఉప్పు కూడా వద్దు. ఉప్పు తగిలిన ఉల్లిపాయ పావుగంటలో నీళ్లు వదిలేస్తుంది. అంతసేపూ చుక్క నీళ్లు పోయకుండా కాపాడిన పిండి అప్పుడు కూర్చున్నచోటే జారైపోతుంది. నూనె కాగుతున్నప్పుడు, ఎన్ని వడలు వెంటనే వేయగలరో అంత పిండి విడిగా తీసుకుని, దానికి సరిపడా ఉల్లి, ఉప్పు కలపండి. తర్వాతి వాయికి మళ్లీ అలాగే. ఉప్పు రుచి చూడటానికి పచ్చిపిండి నాకనక్కర్లేదు, మొదటి వడ వేయించి తిని చూస్తే సరి. వండేవాళ్లకు ఆ మాత్రం హక్కుంటుంది.

ఇన్ని చేసినా పిండి జారుగా వస్తే? పుట్నాల పప్పును మెత్తటి పొడి చేసి రెండు పెద్ద చెంచాలు కలిపి ఐదు నిమిషాలు ఆగండి. ముందే వేగిన పప్పు గనుక తడిని చప్పున పీల్చుకుంటుంది, రుచి కూడా చెడదు. బియ్యప్పిండి కలిపినా నిలబడుతుంది, కాకపోతే చల్లారాక వడ గట్టిపడుతుంది. శనగపిండి జోలికి పోకండి, నా పకోడీల కథ చెప్పాను కదా. పిండి మరీ నీళ్లగా ఉంటే పలుచటి గుడ్డలో మూటగట్టి అరగంట వేలాడదీయడమే మార్గం.

వేయించడం

అడుగు మందమున్న మూకుడులో రెండున్నర అంగుళాల లోతు నూనె పోసి మధ్యస్థంగా కాగనివ్వండి. థర్మామీటర్ ఉంటే 170 నుంచి 180 డిగ్రీల మధ్య. లేకపోతే గోళీ అంత పిండి వేసి చూడండి. అడుగుకు వెళ్లి, ఒకటి రెండు క్షణాల్లో బుడగలతో పైకి రావాలి. అడుగునే కూర్చుంటే నూనె ఇంకా కాగలేదు. వేసీ వేయగానే తేలి చుట్టూ ఎర్రబడితే మరీ కాగింది, మంట తగ్గించి కాసేపు ఆగండి.

అరచేతిని తడిపి, నిమ్మకాయంత ముద్ద తీసుకుని, వేళ్లతో తట్టండి. మధ్యలో చిటికెన వేలి మందం, అంచులు అంతకంటే పలుచన. అంచు పలుచగా ఉంటేనే కరకర, మధ్య కాస్త మందంగా ఉంటేనే లోపల మెత్తన. చిల్లు పెట్టడం మీ ఇష్టం. పలుచగా తట్టిన వడకు చిల్లు అవసరం లేదు. చేతి మీదినుంచి వేయడం భయమైతే తడిపిన ప్లాస్టిక్ కవర్ మీదో అరిటాకు ముక్క మీదో తట్టి చేతిలోకి జార్చుకోండి. ముద్దను నూనెకు దగ్గరగా, మూకుడు అంచున జారవిడవాలి. ఎత్తునుంచి వేస్తే నూనె చిందుతుంది.

వేసిన వెంటనే గరిటె పెట్టకండి. ఈ వంటలో విరిగే వడల్లో సగం కంగారు గరిటె వల్లే విరుగుతాయి. ఒక నిమిషం ఆగితే అడుగున పొర గట్టిపడి వడ తనంతట తాను కదులుతుంది, అప్పుడు తిప్పండి. ఒక్కో వాయికి నాలుగైదు మించి వేయకండి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి వడలు నానినట్టు అవుతాయి. మధ్యస్థ మంట మీద ఐదారు నిమిషాల్లో వేగుతాయి. పెద్దమంట పెడితే రంగు రెండు నిమిషాల్లోనే వస్తుంది, లోపల మాత్రం పచ్చిపప్పు వాసన మిగులుతుంది.

రంగు కంటే నేను చెవిని ఎక్కువ నమ్ముతాను. వడ పడగానే నూనె పెద్దగా చుయ్యిమంటుంది. అది పిండిలోని నీరు ఆవిరై పోతున్న చప్పుడు. నీరు తగ్గేకొద్దీ ఆ చప్పుడూ బుడగలూ తగ్గుతూ వస్తాయి. మూకుడు దాదాపు సద్దుమణిగి, అంచుల్లో చిన్న బుడగలు మాత్రమే మిగిలినప్పుడు తీసేయండి. తొలి వాయిలో ఒకదాన్ని విరిచి చూసుకుంటే ఇక మిగతా వాయిలకు చెవి అలవాటైపోతుంది.

తీసిన వడను జల్లిగరిటెలోనే మూకుడుపైన పది పదిహేను క్షణాలు పట్టుకుని కాస్త విదిలించండి. వేగుతున్నంతసేపూ లోపలి ఆవిరి బయటికి తోసుకొస్తుంది కనుక నూనె లోపలికి పెద్దగా పోలేదు. బయటికి తీశాక ఆవిరి చల్లారి, ఆ ఖాళీల్లోకి పైన అంటుకున్న నూనెను లాక్కుంటుంది. అందుకే ఆ మొదటి క్షణాల్లో కారిపోయిన నూనెంతా మనకు లాభం. తర్వాత చిల్లుల గిన్నెలో నిలువుగా ఆనించి పెట్టండి. పేపర్ మీద ఒకదానిపై ఒకటి పేరిస్తే కింది వడలు పైవాటి ఆవిరికి మెత్తబడతాయి.

నూనె దగ్గర నీళ్ల లెక్క ఇంకొకటుంది. మూకుడులో నూనె పొరపాటున అంటుకుంటే నీళ్లు చల్లకండి, మంట ఎగిసి ముఖాన కొడుతుంది. పొయ్యి ఆపేసి, మూకుడును కదపకుండా పెద్ద మూతో పళ్లెమో బోర్లించండి.

నూనె వద్దనుకునేవాళ్లు గుంత పొంగనాల పెనంలో ఒక్కో గుంతకు అరచెంచా నూనె వేసి, మూతపెట్టి చిన్నమంట మీద రెండువైపులా కాల్చుకోవచ్చు. ఎయిర్ ఫ్రయర్‌లో కూడా చేసి చూశాను. తినడానికి ఫరవాలేదు గానీ పొడిపొడిగా ఎండినట్టు ఉంటాయి, పొంగనాల పెనమే మెరుగు.

చుట్టాలొచ్చే రోజు

ముప్పై నలభై వడలు వేడివేడిగా పెట్టాలంటే అందరూ తింటుంటే మీరు పొయ్యి దగ్గర నిలబడాల్సిందే. దానికో ఉపాయం ఉంది. ముందుగానే అన్నింటినీ మూడు నిమిషాలు, లేత బంగారు రంగు తిరిగేదాకా వేయించి తీసేయండి. ఆకులు వేశాక నూనెను ఇంకాస్త గట్టిగా కాచి, ఒక్కో వాయిని నిమిషంన్నర వేయించండి. రెండోసారి వేగిన వడ ఒక్కసారి వేగినదానికంటే కరకరలాడుతుంది. పిండి రుబ్బిపెట్టుకోవాలంటే ఉల్లి, ఉప్పు లేకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచొచ్చు. అంతకంటే ఎక్కువైతే పులుపెక్కుతుంది.

నంజుకోవడానికి అల్లం పచ్చడి, పల్లీల చట్నీ ఏదైనా బాగుంటుంది. కానీ సీమలో ఈ వడకు అసలైన జోడీ నాటుకోడి పులుసు. పులుసు పలుచగా, మిరియం ఘాటుతో ఉండాలి, వడను తుంచి ముంచితే బరక పలుకుల మధ్యకు ఎక్కాలి.

వడలు మిగిలితే ఆ పులుసులోనే మర్నాటి టిఫిన్ ఉంది. పులుసును తెర్లనిచ్చి, పొయ్యి ఆపేసి, చల్లారిన వడల్ని అందులో వేసి పది నిమిషాలు మూత పెట్టండి. పులుసు తెర్లుతుండగా వేస్తే చెదిరిపోతాయి.